కంపోస్టు బస్తాలో కవరు ముక్కలు

ప్రశ్న: పెరట్లో కూరగాయల మడుల కోసం ఈసారి తడి చెత్తతో చేసిన కంపోస్టు పది బస్తాలు తెప్పించాను. ఒక్కో బస్తా 40 కిలోలు. రెండు బస్తాలు మడుల్లో వేసి, మట్టిలో కలిపి, నీళ్లు పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే మట్టి మీద నీలం, తెలుపు, వెండి రంగు ముక్కలు తళతళలాడుతున్నాయి. తీసి చూస్తే ప్లాస్టిక్. అమ్మినతన్ని అడిగితే "చెత్తతో చేసిన ఎరువులో ఆమాత్రం ఉంటుందండీ, పరిమితి లోపే ఉంది, రిపోర్టు కూడా ఉంది" అన్నాడు. మావారేమో "మట్టిలో కలిసిపోతుందిలే, నువ్వు ఊరికే టెన్షన్ పడుతున్నావు" అంటారు. మిగిలిన ఎనిమిది బస్తాలు వాడాలా, వద్దా? వేసేసిన మడుల సంగతేంటి? వాటిలో పండినవి తినొచ్చా? ఇంకో మాట. మా ఇంటి తడి చెత్త కూడా ఇలాంటి ఎరువు చేసే చోటికే వెళ్తుంది. రోజూ వేరు చేసి ఇచ్చి ఏం లాభం అనిపిస్తోంది.
– ఓ పాఠకురాలు

జవాబు: ముందు మీవారి మాట చూద్దాం. మట్టిలో కలిసిపోతుందని ఆయన అన్నది నిజమే. చిక్కంతా అందులోనే ఉంది. ఆకులు, తొక్కలు, పేడ మట్టిలో కలిస్తే కుళ్లి మట్టే అవుతాయి. కవరు ముక్క కలిస్తే కనపడకుండా పోతుంది, అంతే. కంపోస్టు కుప్ప బాగా కాగినప్పుడు లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడుతుంది. రోగాలు తెచ్చే క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు చావడానికి ఆ వేడి చాలు. పాలిథిన్ మెత్తబడి కరగాలంటే 100 డిగ్రీలు దాటాలి. కరిగినా అది పాలిథినే. కాబట్టి కుప్పలో పడ్డ కవరు నెలల తరబడి నాని, ఎండి, కుప్ప తిరగేసే యంత్రం కింద నలిగి ముక్కలవుతుంది. ఆ ముక్కలు మీ మడిలో ఎండకి పెళుసెక్కి ఇంకా చిన్నవవుతాయి. 5 మిల్లీమీటర్ల లోపుకి వస్తే దాన్ని మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. ఇవాళ మీ వేళ్లకి దొరుకుతున్న ముక్క కొన్నేళ్లు పోతే దొరకదు. కాబట్టి మీది ఉత్త టెన్షనేమీ కాదు. కాకపోతే దేనికి పడాలో దానికే పడండి, అదే చెబుతాను.

అమ్మినతను చెప్పిన "పరిమితి లోపే" అన్న మాట కూడా అబద్ధం కాకపోవచ్చు. అలాంటి పరిమితి అంటే ఎంతో ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఉదాహరణకి, యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన ఎరువుల చట్టం 2022 జులై నుంచి అమల్లోకి వచ్చింది. కంపోస్టులో 2 మిల్లీమీటర్ల కన్నా పెద్ద ప్లాస్టిక్ ముక్కలు కిలో పొడి ఎరువుకి 3 గ్రాములు మించకూడదని అందులో ఉంది. 2026 జులై నుంచి రెండున్నర గ్రాములకి దించాలని కూడా అప్పుడే రాసుకున్నారు. మన లెక్కకి మొదట పెట్టిన ఆ 3 గ్రాములే తీసుకుందాం. మీ 40 కిలోల బస్తాలో 16 కిలోలు తేమ అనుకుంటే పొడి ఎరువు 24 కిలోలు. కిలోకి 3 గ్రాముల చొప్పున 72 గ్రాములు. పల్చటి క్యారీ కవరు ఒకటి 5 గ్రాములు తూగుతుందనుకోండి. అంటే ఒక్క బస్తాలో పద్నాలుగు కవర్లు కత్తిరించి కలిపినా ఆ పరిమితి ప్రకారం అది అమ్ముకోదగ్గ ఎరువే. పది బస్తాలకి నూట నలభై కవర్లు! అది కూడా 2 మిల్లీమీటర్లు దాటిన వాటి సంగతి. అంతకన్నా చిన్నవి ఆ లెక్కలోకే రావు.

బరువుతో కొలవడంలో ఇంకో తిరకాసు ఉంది. సీసా మూత ఒకటి, పల్చటి కవరు సగం ముక్క ఒకటి ఇంచుమించు ఒకే బరువు తూగొచ్చు. మూత మడిలో ఒక మూల పడి ఉంటుంది, ఏరి పారేస్తారు. కవరు మాత్రం వందల తునకలై మడి నిండా పరుచుకుంటుంది. జర్మనీలో కంపోస్టు నాణ్యత చూసే సంస్థ అందుకే బరువుతో ఊరుకోదు. ఏరిన ముక్కలన్నీ పక్కపక్కన పరిస్తే ఎంత చోటు పడుతుందో అది కూడా కొలుస్తుంది. మీ కళ్లకి మడంతా ప్లాస్టిక్కే కనపడుతున్నా, అతని రిపోర్టు పాస్ అయి ఉండొచ్చు. మీ ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడనక్కర్లేదు.

అందుకని వాదన పక్కన పెట్టి, మీరే కొలవండి. మూడు నాలుగు బస్తాల మధ్య నుంచి (పై నుంచి కాదు, తేలిక ముక్కలు మోతలో ఎటో ఒకవైపు చేరతాయి) కాస్త కాస్త తీసి, మొత్తం 5 కిలోలు కలపండి. గాలి తగలని చోట నీడన పరిచి బాగా ఆరనివ్వండి. ఫ్యాను కింద పెట్టారో, మీరు వెతుకుతున్నవే ముందు ఎగిరిపోతాయి. ఆరాక ఇంకోసారి తూచి రాసుకోండి. 2 మిల్లీమీటర్ల చిల్లుల జల్లెడ ఉంటే మంచిది, లేకపోతే కిటికీకి కొట్టే దోమల జాలీ ముక్క కొంచెం సన్నమే అయినా పనికొస్తుంది. రుద్దకుండా, ఊపుతూ జల్లించండి. పైన మిగిలినదాన్ని తెల్ల పళ్లెంలో పల్చగా పరుచుకుని, వెలుతురులో కూర్చుని పట్టకారుతో ఏరడమే. 5 కిలోలు ఎందుకన్నానంటే, కిలోలో వచ్చే ముక్కలు ఒక గ్రాము కూడా ఉండకపోవచ్చు, వంటింటి కాటా దాన్ని చూపించదు.

ఏరేటప్పుడు మోసపోయేవి కొన్ని ఉంటాయి. ఎండిన ఉల్లిపొట్టు అచ్చం పల్చటి కవరులా మెరుస్తుంది. నీటిలో నానబెట్టి లాగితే ఈనె వెంట చిరిగిపోతుంది, కవరైతే ముందు సాగుతుంది. తెల్లటి గుండ్రటి పూసలు కనపడితే గోటితో నొక్కండి. పొడి పొడిగా నలిగితే అది పెర్లైట్, కుండీ మట్టిలో కలిపే ఖనిజం, దానితో గొడవ లేదు. నొక్కితే అణిగి మళ్లీ లేస్తే థర్మోకోల్. వెండిలా మెరిసేది పలుచగా పొరలు ఊడుతుంటే అభ్రకం కావచ్చు. తేల్చుకోలేనివాటికి వేడి సూది పరీక్ష ఉంది. కుట్టు సూదిని పట్టకారుతో పట్టుకుని మంటలో కాల్చి ముక్కకి ఆనించండి. ప్లాస్టిక్ అయితే చాలావరకు ముడుచుకుంటుంది, మెత్తబడి సూదికి అంటుకుంటుంది. ఆకు, పుల్ల అయితే కమిలి నల్లబడుతుంది. నీళ్లలో వేసి తేలిందా మునిగిందా చూడమని కొందరు చెబుతారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. పాలిథిన్ తేలుతుంది, నిజమే, కానీ పుల్లలూ బొగ్గు ముక్కలూ కూడా తేలతాయి. నీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్, పైపుల పీవీసీ మాత్రం అడుగుకి పోతాయి.

ఏరినవి కడిగి, ఆరబెట్టి తూచండి. ఎన్ని గ్రాములో తెలిశాక అమ్మినతనితో మాట్లాడటం తేలిక. "ప్లాస్టిక్ ఉంది" అంటే "ఆమాత్రం ఉంటుంది" అంటాడు. "5 కిలోలు ఆరబెడితే ఇంత అయింది, అందులో ఇన్ని గ్రాములు వచ్చింది, ఇదిగో పొట్లం" అంటే ఆ మాట అనలేడు.

అతన్ని అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. ఈ ఎరువు ఏ చెత్తతో చేశారు? 2018లో జర్మనీలోని బైరాయిట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చెత్త నుంచి చేసిన కంపోస్టు, బయోగ్యాస్ ప్లాంట్ల ఎరువు తీసుకుని, 1 మిల్లీమీటరు దాటిన ప్లాస్టిక్ ముక్కల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. కిలో పొడి ఎరువులో తక్కువలో తక్కువ 14, ఎక్కువలో ఎక్కువ 895 వచ్చాయి. ఆ 895 వ్యాపార సంస్థల చెత్త తీసుకునే ప్లాంటుది. పొలంలో పండించిన పంటలతోనే నడిచే బయోగ్యాస్ ప్లాంట్ల ఎరువులో ఒకటీ అరా తప్ప అసలు కనపడలేదు. తేడా ఎక్కడొచ్చిందో చూశారా. దుకాణాల్లో గడువు తీరిన సరుకు ప్యాకెట్లతో సహా వస్తుంది. దాన్ని యంత్రంలో వేసి చితక్కొట్టి, మెత్తటిది ఒకవైపు, ప్యాకింగు ఒకవైపు వచ్చేలా జల్లిస్తారు. కొట్టిన దెబ్బకి ప్యాకింగులో కొంత చిన్న ముక్కలై మెత్తటి దానితోపాటు జారిపోతుంది. అక్కడినుంచి దాన్ని వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు.

ఇళ్ల చెత్తలో ఇంత ఉండదు గానీ, అక్కడా ఇదే సూత్రం. కవర్లను కుప్ప వేయకముందు, ముక్కలు కాకుండా ఉన్నప్పుడే ఏరేస్తారా, లేక ముందు అన్నీ కలిపి నరికి, ఎరువు తయారయ్యాక జల్లిస్తారా అని అడగండి. రెండోదైతే జల్లెడ మీద నమ్మకం పెట్టుకోకండి. పల్చటి కవరు తునక నిలువుగా తిరిగి తనకన్నా చిన్న చిల్లులోంచి కూడా దిగిపోతుంది. ఇంకో ప్రశ్న కూడా అడగండి, అతను బహుశా ఊహించి ఉండడు. జల్లెడ పైన మిగిలిన పుల్లలూ దిమ్మలూ ఏం చేస్తారు? చాలాచోట్ల వాటిని కొత్త కుప్పలో కలుపుతారు, గాలి ఆడటానికి. పుల్లలతోపాటు జల్లెడ మీద ఆగిన ప్లాస్టిక్ కూడా మళ్లీ కుప్పలోకే వెళ్తుంది, మళ్లీ యంత్రం కింద నలుగుతుంది, చిల్లులో పట్టేంత చిన్నదయ్యేదాకా.

ఇక మీ ఎనిమిది బస్తాలు. ఏరినవి పెద్ద ముక్కలై, కొన్నే ఉంటే ఎరువంతా పొడిగా ఆరబెట్టి, జల్లించి, ఏరి వాడుకోండి.  రంగు కాగితాలు సన్నగా తరిగి చల్లినట్టు ఎటు చూసినా తునకలే ఉంటే మాత్రం కూరగాయల మడుల్లో వేయకండి, తిరిగి ఇచ్చేయండి. కూరగాయలకి కాకపోతే పూల మొక్కలకి వేయొచ్చు కదా అని కొందరు సలహా ఇస్తారు. నేనైతే ఇవ్వను. ప్లాస్టిక్‌కి అది గులాబీ మడో వంగ మడో తెలియదు, ఈ ఏడు పూలున్న చోట వచ్చే ఏడు మీరే కూరగాయలు వేస్తారు. అతను తీసుకోనంటే బస్తాలు మూతి కట్టి, తడవకుండా నీడన ఉంచి, తీరిక దొరికినప్పుడల్లా కొంత కొంత జల్లించుకోవడం ఉత్తమం. కాల్చడం, కాలవ గట్టున పోయడం ఈ రెండూ వద్దు. తగలబెడితే వచ్చే పొగ ఎరువులోని ప్లాస్టిక్ కన్నా ముందు మీకే హాని చేస్తుంది.

ఎరువు వేసేసిన మడుల్లో మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. నీళ్లు పెట్టినప్పుడు పైనున్న సన్నటి మట్టి కొట్టుకుపోయి ముక్కలు కడిగినట్టు బయటపడతాయి. మీకు మర్నాడు పొద్దున్నే కనపడింది అందుకే. అలా ప్రతి తడి తర్వాత ఓ పది నిమిషాలు ఏరండి. మూడు నాలుగు తడులకి కనపడేవి చాలావరకు వచ్చేస్తాయి. ఈలోపు మట్టిని మళ్లీ తవ్వకండి, యంత్రంతో దున్నించడం అసలే వద్దు. మల్చింగ్ (మట్టి మీద ఆకులు, గడ్డి కప్పడం) కూడా ఏరడం అయ్యాకే. ఆలస్యం చేయొద్దనడానికి కారణం వానపాములు. అవి పైనున్న ప్లాస్టిక్ పూసల్ని తమతోపాటు బొరియల్లోకి, లోతుకి తీసుకుపోతాయని 2017లో వచ్చిన ఒక ప్రయోగంలో తేలింది. ఒకసారి కిందికి దిగిందంటే ఇక మీకు అందదు. ఆకుల చెత్తలో ప్లాస్టిక్ పాలు బాగా పెంచి ఇంకో ప్రయోగం చేస్తే వానపాములు ఎదగడం తగ్గింది, ఎక్కువ చచ్చిపోయాయి కూడా. మీ మడిలో ఉన్నది ఆ మోతాదుకి దరిదాపుల్లో కూడా లేదు. కానీ ఏటా ఇలాంటి ఎరువే వేస్తూ పోతే వేసినదంతా పోగుపడుతుంది, తరిగేది ఏమీ ఉండదు.

ఆ మడుల్లో పండినవి తినొచ్చు. కంటికి కనపడే ముక్క వేరులోంచి మొక్కలోకి ఎక్కదు. 2020లో గోధుమ, లెట్యూస్ మొక్కల మీద చేసిన ప్రయోగంలో మిల్లీమీటరులో ఐదువేలో వంతు ఉన్న ప్లాస్టిక్ పూసలు, పక్క వేళ్లు మొలిచే చోట ఉండే సన్నటి పగుళ్లలోంచి లోపలికి వెళ్లాయని చూశారు. మీరు ఏరుతున్న ముక్కలు వాటికి వేల రెట్లు పెద్దవి. అవి ఎప్పటికైనా ఆ స్థాయికి అరగకముందే తీసేయండి అనడానికి ఈ ప్రయోగం పనికొస్తుంది గానీ, ఈ పంట తినొద్దనడానికి కాదు. ఆకుకూరలకి మట్టి చింది అంటుకుంటుంది, వాటిని రెండు మూడు నీళ్లలో జాడించండి. దుంపలు రుద్ది కడగండి. ఇవి ఎలాగూ చేసే పనులే.

ఈ గొడవంతా ఎందుకు, కంపోస్టు మానేసి దుకాణంలో దొరికే గుళికలు చల్లుకుందాం అనుకుంటున్నారేమో. నెమ్మదిగా కరిగే ఎరువు గుళికల్లో చాలావాటికి పై పొర ప్లాస్టిక్ రకమే. లోపలి ఎరువు కరిగిపోయాక ఖాళీ డొల్లలు మట్టిలో మిగులుతాయి. పారిపోవడానికి అది దారి కాదు. మట్టిని గుల్లగా ఉంచి నీటిని పట్టి ఉంచే పని కంపోస్టులా ఇంకేదీ చేయదు, దాన్ని వదులుకోకండి.

చివరికి మీ ఇంటి బుట్ట దగ్గరికి వద్దాం. ఏం లాభం అన్నారు. ఆ ముక్కలు యంత్రంలో పుట్టవు కదండీ, ఎవరో ఒకరి వంటింట్లోంచి వచ్చినవే. నా సంగతే చెబుతాను. నేను చెత్త జాగ్రత్తగా వేరు చేస్తానని మహా గర్వంగా ఉండేది. ఒకసారి నా సొంత గుంట ఎరువు జల్లిస్తే మూడు మూలల చిన్న ప్లాస్టిక్ ముక్కలు గుప్పెడు వచ్చాయి. ఎక్కడివో ఎంతకీ తెలియలేదు. మర్నాడు ప్యాకెట్ మూల కత్తెరతో కత్తిరిస్తూ, ఆ ముక్కని అలవాటుగా తొక్కల బుట్టలో పడేస్తుండగా నా చెయ్యి నాకే దొరికిపోయింది. ఇప్పుడు మూల పూర్తిగా తెగకుండా, ప్యాకెట్‌కే వేలాడేలా కోస్తున్నాను. పండ్ల మీద అంటించే స్టిక్కర్లు తొక్కతోపాటు వెళ్లిపోతాయి. కొన్ని టీ బ్యాగుల అంచులు ప్లాస్టిక్‌తో అతికిస్తారు. పేపరు కప్పుకి లోపల పాలిథిన్ పూత ఉంటుంది. తడి టిష్యూల్లో చాలావరకు పాలిస్టర్ పోగులే. చూయింగ్ గమ్ కూడా ఈ కోవదే.

ఇంకో తప్పు కూడా చేశాను. "కంపోస్టబుల్" అని రాసి ఉన్న సంచులు కొని, చెత్త అందులోనే కట్టి, సంచితో సహా పెరటి గుంటలో వేశాను. రెండేళ్లకి తవ్వితే సంచి చిరుగులు పట్టి ఉంది గానీ, మీద అక్షరాలు ఇంకా చదవొచ్చు. తప్పు సంచిది అనలేను. యూరప్‌లో వాటికి పెట్టే పరీక్షలో దాదాపు 58 డిగ్రీల వేడిలో ఉంచి, పన్నెండు వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద పదో వంతుకి మించి మిగలకూడదు అంటారు. అది పెద్ద ప్లాంటు వేడి. పెరటి గుంట అంత వేడిని వారాల తరబడి నిలబెట్టలేదు. మీ చెత్త తీసుకెళ్లేవాళ్లు ఆ సంచులు తీసుకుంటారో లేదో కనుక్కోకుండా వాడకండి. చాలాచోట్ల మామూలు కవరనుకుని ఏరి పక్కన పడేస్తారు. బుట్టకి అడుగున పాత వార్తాపత్రిక వేసుకుంటే సంచి అవసరమే రాదు.

మీరు వేరు చేసి ఇచ్చిన తొక్కల్లో కవరు లేకపోతే, అక్కడ కవరు ఏరడానికి మనిషీ అక్కర్లేదు, నరికాక జల్లించడానికి యంత్రమూ అక్కర్లేదు. కవరును ముక్కలు కాకముందే తీయడానికి రెండు సెకన్లు పడుతుంది. అదే కవరును మీరిప్పుడు పట్టకారుతో తీయబోతున్నారు, ఎంతసేపు పడుతుందో చూద్దురుగాని.

5 కిలోల్లో ఎన్ని గ్రాములు తేలిందో, అతను ఏమన్నాడో రాయండి. సూది పరీక్ష చేసేటప్పుడు కిటికీ తెరిచి పెట్టుకోండి, వాసన ఘాటుగా ఉంటుంది.